చీకటి పడకముందే తాళం

థీమ్‌పార్కుకి వెళ్దామనుకున్నవాళ్లు ముందు చూసేది టికెట్‌ ధర. ఆ తర్వాత రైడ్లు. గేటు ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు అన్నది ఆఖర్న... అదీ గుర్తుంటే! ఆ రెండంకెల్లో ఏముంటుందిలే అనుకుంటారు. కానీ అమెరికాలోని ఫ్లోరిడాలో ఓ పార్కుంది. దాని కథంతా ఆ రెండంకెల్లోనే ఉంది. వాటిని ఓవైపు నుంచి జంతువులు, మరోవైపు నుంచి జనం, మధ్యలో కంపెనీ పద్దులు... పాతికేళ్లకు పైగా లాగుతూనే ఉన్నాయి. ఆరేళ్లు ఊరించి ఊరించి తెరిచిన ఓ కొత్త లోకం కూడా చివరికి ఆ లాగులాటలోనే చిక్కుకుంది.

ఆ పార్కు పేరు డిస్నీ యానిమల్‌ కింగ్‌డమ్‌. ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లో నాలుగు థీమ్‌పార్కులుంటే వాటిలో ఆఖరిది ఇదే. 1998 ఏప్రిల్‌ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు తలుపులు తెరిచింది. 580 ఎకరాల విస్తీర్ణం. నడిమధ్యలో 145 అడుగుల కృత్రిమ మహావృక్షం. సముద్రంలో చమురు తవ్వే వేదికకు వాడే ఉక్కు చట్రం మీద నిలబెట్టారు దాన్ని. మాను నిండా వందలాది జంతువుల బొమ్మలు చెక్కారు. పార్కులో ఆసియా విభాగమూ ఉంది. అందులో మన దేశాన్నీ నేపాల్‌నీ పొరుగు దేశాలనీ కలిపి వాళ్లే ఓ ఊహారాజ్యాన్ని సృష్టించారు. దానికి పెట్టిన పేరేంటో తెలుసా... ఆనందపూర్‌! విశాఖ పక్కనున్న ఆనందపురానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు కానీ, గోడల మీద వెలిసిపోయిన రాతలు, పాడుబడిన రాజుగారి వేటమందిరం, అందులో పులులు చూస్తుంటే మనవాళ్లకి ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

మొదట్లో దీని ప్రచారం కోసం ఓ తమాషా పదం పుట్టించారు. నహ్‌తాజు! ఆఫ్రికా భాష పదమేమో అనిపించేది. గబగబా పలికితే ‘నాట్‌ ఎ జూ’. అంటే ఇది జూ కాదు అని. జూ కాదని ఎంత చెప్పుకున్నా లోపలున్నవి నిజం సింహాలు, నిజం ఏనుగులు, నిజం జిరాఫీలే. 110 ఎకరాల సఫారీ మైదానంలో పైకప్పు తప్ప గోడలు లేని లారీలో కూర్చోబెట్టి తిప్పుతారు. సందర్శకుడికీ సింహానికీ మధ్య కందకం ఉంటుంది, అది కనిపించకుండా కట్టడంలోనే ఉంది పనితనమంతా.

అక్కడే మొదలైంది టైము గొడవ. బొమ్మ మొసలిని మీట నొక్కి ఎంతసేపైనా ఆడించొచ్చు. నిజం మొసలి మాట వినదు. మిగతా డిస్నీ పార్కుల్లో రాత్రి కాగానే బాణసంచా మోతెక్కిపోతుంది. ఇక్కడ ఒక్క తారాజువ్వ కూడా వెలిగించరు... జంతువులు బెదురుతాయని. కూల్‌డ్రింకు గ్లాసు మీద మూత ఉండదు, ప్లాస్టిక్‌ స్ట్రా ఇవ్వరు. ఎగిరిపోయి ఏ జంతువు నోట్లోనో పడితే ప్రాణం మీదికొస్తుందని. ఎండెక్కితే సింహం లేవదు కాబట్టి పార్కు పొద్దున్నే తెరవాలి. సాయంత్రమైతే ఒక్కోదాన్నీ దాని రాత్రి గూటికి చేర్చాలి. హైదరాబాద్‌ జూపార్కుకి సోమవారం సెలవెందుకో తెలిసినవాళ్లకి ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే యానిమల్‌ కింగ్‌డమ్‌ చాలాకాలం సాయంత్రం ఐదారింటికల్లా సర్దేసేది.

జంతువులకి బాగానే ఉంది. కంపెనీకే బాగాలేదు. పొద్దున్నే సఫారీ చూసి, మధ్యాహ్నం భోజనం చేసి, ఇంకో పార్కుకి వెళ్లిపోయేవాళ్లు జనం. ‘ఒంటిపూట పార్కు’ అన్న పేరు స్థిరపడిపోయింది. అప్పట్లో నాలుగు పార్కులకీ టికెట్‌ ధర ఒక్కటే. పక్క పార్కు రాత్రి దాకా తెరిచుంటే ఇది సందెవేళకే మూతపడుతుంది. అదే డబ్బుకి ఇక్కడ తక్కువ గంటలు! రాత్రి భోజనాల అమ్మకం సున్నా. బొమ్మల దుకాణాల్లో బేరాలు జరిగేది బయటికెళ్లేటప్పుడు కదా, జనం మధ్యాహ్నమే వెళ్లిపోతే ఎవరికి అమ్ముతారు?

నిజానికి లోటు మొదటినుంచీ ఉంది. పార్కు నక్షాలో నిజం జంతువులు, అంతరించిపోయిన రాక్షసబల్లులు, కథల్లోని వింత జంతువులు... మూడింటికీ చోటిచ్చారు. పార్కు చిహ్నంలో ఇప్పటికీ ఏనుగు, సింహాలతోపాటు రెక్కల డ్రాగన్‌ కనిపిస్తుంది. డబ్బు చాలక ఆ మూడో విభాగం కట్టలేదు. ఆ స్థలంలో తాత్కాలికంగా మిక్కీ, మిన్నీ ఎలుకల శిబిరం వేశారు. తాత్కాలికం అంటే ఎంతకాలం? 1998 నుంచి 2014 దాకా! గవర్నమెంటు పనుల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ పదహారేళ్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2011 సెప్టెంబరులో అసలు ప్రకటన వచ్చింది. ఎలుకల శిబిరం ఉన్నచోటే ‘అవతార్‌’ సినిమాలోని పండోరా లోకాన్ని కడతామని. జేమ్స్‌ కామెరూన్‌ తీసిన ఆ సినిమా 2009 డిసెంబరులో వచ్చి లోకమంతా ఊగించింది కానీ, ‘దానికి పార్కులో ఏం పని?’ అని అభిమానులే పెదవి విరిచారు. రెండో భాగం ఇదిగో అదిగో అంటూ వెనక్కి జరుగుతోంది. చివరికి అది వచ్చింది 2022 డిసెంబరులో! సినిమానే మర్చిపోతున్న జనానికి ఆ సినిమా ఊరెందుకు?

పార్కు తొలినక్ష గీసిన జో రోడేకే పండోరా బాధ్యతా అప్పగించారు. ఆయన బృందం ఎంచుకున్న దారిలో తెలివుంది. సినిమా కథను, హీరోహీరోయిన్లను పక్కన పెట్టేశారు. యుద్ధం ఎప్పుడో ముగిసింది, ఇప్పుడు మనం యాత్రికులుగా ఆ లోకానికి వెళ్తున్నాం... అంతే కథ. 2014 జనవరిలో పనులు మొదలయ్యాయి. ఉక్కు దూలాల్ని తీగల్లా, ఊడల్లా మలిచి, వాటి ఆధారంతో కొండలు గాల్లో తేలుతున్నట్టు నిలబెట్టారు. 12 ఎకరాల్లో రెండే రెండు రైడ్లు. ఒకటి పడవ ప్రయాణం. రెండోది ‘ఫ్లైట్‌ ఆఫ్‌ ప్యాసేజ్‌’. మోటారుసైకిల్‌ లాంటి ఆసనం మీద వాలి కూర్చుంటే ఎదురుగా పెద్ద తెర. పండోరా పక్షిరాజం మీదెక్కి ఎగురుతున్నట్టే ఉంటుంది. మోకాళ్ల మధ్య ఆ పక్షి ఊపిరి పీల్చి వదలడం కూడా తెలుస్తుందంటే ఎంత పట్టింపుగా చేశారో చూడండి.

వీటన్నిటినీ మించిన ఆకర్షణ ఇంకోటుంది. వెలుగు. సినిమాలో పండోరా అడవి రాత్రి పూట మిణుగురులా మెరుస్తుంది. ఆకులు, నాచు, నేల... అన్నీ నీలంగా, ఊదాగా వెలుగుతాయి. ఆ ముచ్చటంతా పార్కులోనూ అమర్చారు. పగలు అది అందమైన తోట, చీకటి పడితేనే అది పండోరా. అంటే ఆరింటికి మూసేసే పార్కులో రాత్రికి తప్ప అందం రాని లోకాన్ని కట్టారన్నమాట! ఇక గేటు టైము మార్చక తప్పుతుందా?

మార్చారు. అదీ పండోరా తెరవడానికి ఏడాది ముందునుంచే. 2016 మే నెలలో సఫారీని రాత్రికీ పొడిగించారు. జంతువుల మీద పెద్ద దీపాలు వేయకుండా, సూర్యుడు కొండ వెనక్కి దిగుతూ దిగుతూ ఆగిపోయినట్టు నారింజరంగు వెలుతురు ఏర్పాటుచేశారు. హైదరాబాద్‌ జూపార్కులో నిశాచర జంతువుల గదికి వెళ్లినవాళ్లకి ఇది తిరగేసిన సూత్రంలా కనిపిస్తుంది. అక్కడ పట్టపగలు చీకటి చేసి, రాత్రి తిరిగే జంతువుల్ని మనకి చూపిస్తారు. ఇక్కడ రాత్రిని సాయంత్రంలా మార్చి, పగటి జంతువుల్ని చూపించారు. మహావృక్షం మాను మీద బొమ్మలు ప్రాణం పోసుకున్నట్టు కాంతులు ప్రసరింపజేశారు. సరస్సు మీద ‘రివర్స్‌ ఆఫ్‌ లైట్‌’ అనే రాత్రి ప్రదర్శన 2016 ఏప్రిల్‌లోనే మొదలవ్వాల్సింది. సాంకేతిక ఇబ్బందులొచ్చాయి. అప్పటికే టైములు పొడిగించేశారు, జనాన్ని కూర్చోబెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా... హడావుడిగా ‘జంగిల్‌ బుక్‌’ పేరుతో మన సంగీతం, నాట్యం కలిపి ఓ ప్రదర్శన అల్లి ఆ వేసవి గట్టెక్కించారు. అసలుది 2017 ఫిబ్రవరిలో మొదలైంది.

2017 మే 27. పండోరా తెరిచిన రోజు. తెల్లవారకముందే బారులు. మనదగ్గర పెద్ద హీరో సినిమాకి బెనిఫిట్‌ షో దగ్గర కనిపించే సందడే... కాకపోతే ఇక్కడ కాగితాలు చింపి ఎగరేయలేదు. గేటు టైము రాత్రి 11 దాకా వెళ్లింది. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకైతే తొలివారాల్లో అర్ధరాత్రి దాటేదాకా పండోరా తలుపులు తెరిచే ఉంచారు. ఒకప్పటి ఒంటిపూట పార్కుకి ఇది పునర్జన్మే. ఫ్లైట్‌ ఆఫ్‌ ప్యాసేజ్‌ దగ్గర రెండు మూడు గంటలు నిలబడటం ఆ వేసవిలో మామూలైపోయింది. రైడ్‌ అయిదు నిమిషాలు కూడా ఉండదు.

అంకెలూ అదే చెప్పాయి. ఈ పార్కుల లెక్కలు చూసే సంస్థ అంచనా ప్రకారం 2016లో యానిమల్‌ కింగ్‌డమ్‌కి వచ్చినవాళ్లు సుమారు కోటీ 8 లక్షలు. 2017లో కోటీ 25 లక్షలు. 2018లో కోటీ 37 లక్షలు. సినిమాని మర్చిపోయారన్న జనమే వీళ్లంతా.

ఇక్కడ ఓ విచిత్రం. మనకి తొమ్మిదింటికి అంటే తొమ్మిదిన్నర అని అర్థం. ఈ పార్కులో తొమ్మిదింటికి అంటే ఎనిమిదిన్నర! గేటు ముందు జనం పోటెత్తితే ప్రకటించిన టైముకంటే ముందే లోపలికి పంపడం, రైడ్‌నీ ముందే మొదలుపెట్టడం తరచుగా జరిగేది. బోర్డు మీది టైముని నమ్మి టంచనుగా వచ్చినవాడు అప్పటికే గంట వరుసకి వెనక నిలబడేవాడు. అనుభవజ్ఞులు గంట ముందే వస్తారు. వాళ్లొస్తున్నారని గేటు ముందే తీస్తారు. గేటు ముందే తీస్తున్నారని వాళ్లు ఇంకో అరగంట ముందొస్తారు... దీనికి అంతెక్కడ?

అంతు 2020లో వచ్చింది. కొవిడ్‌తో మార్చిలో అన్ని పార్కులూ మూతపడ్డాయి. జులై 11న యానిమల్‌ కింగ్‌డమ్‌ మళ్లీ తెరిచారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు! రాత్రి సఫారీ లేదు. రివర్స్‌ ఆఫ్‌ లైట్‌ ఇక శాశ్వతంగా లేదన్నారు. కొవిడ్‌ వెళ్లింది, జనం తిరిగొచ్చారు, వరుసలు తిరిగొచ్చాయి. పోయిన రాత్రి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆ తర్వాతి ఏళ్లలో చాలా రోజులు ఆరింటికో ఏడింటికో గేటు మూసేయడమే. రద్దీ కాలమైతే మరో గంట.

జంతువుల కోసమే కదా అంటారేమో. సఫారీ వరకు ఆ మాట న్యాయమే. పార్కు తెరిచే ఉన్నా సఫారీ ఒక్కదాన్నీ ముందే ఆపేయొచ్చు, ఆపుతారు కూడా. పండోరాలో ఒక్క నిజం జంతువు లేదు. అక్కడున్నవన్నీ మీటలతో కదిలేవే. వాటికి నిద్రెందుకు? అసలు కారణం పద్దులో ఉంది. గేటు ఒక్క గంట ఎక్కువసేపు తీసి ఉంచితే రైడ్లు నడిపేవాళ్లు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు, భద్రతా సిబ్బంది... వేలమందికి ఆ గంట జీతం ఇవ్వాలి. రాత్రంతా సాగే మరమ్మతులకి ఓ గంట తగ్గిపోతుంది. ఆరింటికి మూసేసినా అంతే జనం అంతే డబ్బిచ్చి వస్తున్నప్పుడు ఎనిమిదింటి దాకా ఎందుకు తెరవాలి? ఇది వ్యాపారం దృష్టిలో సబబే. టికెట్‌ కొన్నవాడి దృష్టిలో కాదు. 2024లో ఈ పార్కు ఒక్కరోజు టికెట్‌ అతి తక్కువలో తక్కువ 109 డాలర్లు. నాలుగు పార్కుల్లో చవకది ఇదే అనుకోవడానికి లేదు, గంటల లెక్కన చూడండి మరి.

పైగా ఆ గంటలు ముక్కలై విడివిడిగా అమ్ముడుపోతున్నాయి. 2018లోనే పార్కు మూశాక మూడు గంటలపాటు ప్రత్యేక టికెట్‌తో లోపలికి పంపే పద్ధతి ఈ పార్కుకి వచ్చింది. 2021 అక్టోబరు నుంచి డిస్నీ హోటల్లో దిగినవాళ్లకి రోజూ అరగంట ముందే గేటు తీస్తున్నారు. బయట తక్కువ ధర హోటల్లో దిగిన కుటుంబం ఎంత పొద్దున్నే లేచినా, ఎంత తొందరగా చేరుకున్నా, ఆ అరగంట వాళ్లది కాదు. ఒకప్పుడు నిద్ర మానుకున్నవాడికి ముందు చోటు దొరికేది. ఇప్పుడు గది అద్దె కట్టినవాడికి దొరుకుతోంది.

ఇప్పుడు ఈ పార్కు ఇంకో నిరీక్షణలో ఉంది. రాక్షసబల్లుల విభాగం డైనోల్యాండ్‌ని విడతలవారీగా మూసేశారు. అందులో పేరున్న ‘డైనోసార్‌’ రైడ్‌కీ 2026 ఫిబ్రవరి మొదట్లో తెరదించారు. ఆ స్థలంలో 11 ఎకరాల్లో ట్రాపికల్‌ అమెరికాస్‌ అనే కొత్త విభాగం వస్తుంది. 2027లో తెరుస్తామన్నారు. ‘ఎన్‌కాంటో’ సినిమాలోని మాయాగృహం ఒకటి, ఇండియానా జోన్స్‌ సాహసయాత్ర ఒకటి, చెక్క జంతువుల మీదెక్కి తిరిగే రంగులరాట్నం ఒకటి. అభిమానులు బొమ్మలు చూసి మురిసిపోతున్నారు. ఈలోగా వెళ్లేవాళ్లకి మాత్రం పార్కులో ఓ పక్కంతా అడ్డుగోడలే. చూసేవి తగ్గాయి కాబట్టి మధ్యాహ్నానికే అయిపోతుంది. మళ్లీ అదే ఒంటిపూట! కొత్త విభాగం వస్తే గంటలు పెరుగుతాయన్నది పండోరా ఇచ్చిన ఆశ. పెరిగిన గంటలు నిలవాలని లేదన్నదీ పండోరా చూపించిందే.

ఈ గొడవంతా మనకెందుకు అంటే... అమెరికాలో స్థిరపడ్డ తెలుగు పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకునేది ఎక్కువగా వేసవిలోనే. చలి ఉండదు, మనవలకి సెలవులు. నయాగరా అయ్యాక డిస్నీ వంతు. జూన్‌, జులైల్లో ఓర్లాండోలో పొద్దుగూకేది రాత్రి ఎనిమిదింబావు దాటాకే! గేటేమో ఏడింటికో ఎనిమిదింటికో మూసేస్తారు. అంటే పండోరా వెలిగే వేళకి తాతగారు, నానమ్మగారు కారు పార్కింగులో ఉంటారు. చెమటలు కక్కుతూ చూసిన నీలిమొక్కలు రాత్రిపూట మరోలా ఉంటాయని వాళ్లకి తెలియనే తెలియదు. తిరిగొచ్చాక ఊళ్లో అడిగితే ‘ఏముందండీ, మన లుంబినీ పార్కులానే ఉంది, ఎండ మాత్రం దంచేసింది’ అంటారు. తప్పు వాళ్లది కాదు కదా!

డిసెంబరులో వెళ్తే వేరు. అప్పుడు ఐదున్నరకే చీకటి పడుతుంది. ఆరింటికి మూసినా అరగంట దక్కుతుంది, సెలవుల రద్దీలో ఇంకాసేపు తెరిచి ఉంచితే మరీ మంచిది. వేసవి తప్ప వీలుకాదు అనుకునేవాళ్లు రెండు పనులు చేయొచ్చు. డిస్నీ టైములు నెలల ముందే ప్రకటిస్తుంది కానీ, రోజు దగ్గరపడేకొద్దీ రద్దీని బట్టి పొడిగిస్తుంటుంది. కాబట్టి టికెట్‌ కొన్నప్పుడు చూసిన టైముని వారం ముందు మరోసారి చూసుకోవాలి. రెండోది పాతకాపులు చెప్పే కిటుకు. మూసే టైముకి ఒక్క నిమిషం ముందు వరుసలో చేరినా సరే, రైడ్‌ ఎక్కించే పంపుతారు. ఎనిమిదింటికి మూసే రోజున ఏడూ యాభై ఐదుకి ఫ్లైట్‌ ఆఫ్‌ ప్యాసేజ్‌ వరుసలో నిలబడితే, పక్షి మీద ఎగిరి బయటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. నేల మీద నీలిచుక్కలు అప్పటికే వెలిగి ఉంటాయి. దుకాణాలు ఇంకా మూయరు. బయటికి దారి పండోరా మధ్యలోంచే, నెమ్మదిగా నడిస్తే ఎవరూ ఏమీ అనరు.